ఐదో తరగతికి పడ్డ దెబ్బలు

హుజూరాబాద్ పక్క ఊరి బడిలో కైలాసం సారు ఐదో తరగతికి పాఠాలు చెప్పేవాడు. నేతగాళ్ల ఇంట పుట్టి, ఆ ఇంట్లో మొదట అక్షరం ముక్క నేర్చినవాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ పట్టింపులకు పోడు.

పందొమ్మిది వందల అరవై రెండులో ఒక పొద్దున, గోడకున్న దేశపటం మీద ఎవరో సిరా ఒంపారు. పటం కొత్తది. పెద్దసారు దయాకర్‌రావుకు కోపం నషాళానికంటింది. చేసినవాడు బయటపడేదాకా తరగతి మొత్తాన్నీ వరసబెట్టి కొట్టమని కైలాసం చేతికి బెత్తమిచ్చాడు.

"చెయ్యనోళ్లను కొట్టుడు నాతోని కాదు సార్," అని కైలాసం బెత్తం బల్ల మీద పెట్టాడు.

పెద్దసారు తానే కొట్టాడు. రెండో విడత మొదలుకాగానే నర్మద అనే పిల్ల ఏడుస్తూ అదే తరగతి పిల్లవాడు రాజయ్య పేరు చెప్పింది. రాజయ్య కాదని మొత్తుకున్నా వినకుండా బయటికి గెంటేశారు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

కైలాసం నర్మదను పక్కకు పిలిచి, నీ కళ్లతో చూశావా అని అడిగాడు.

"సూడలే సార్. చేతులు మండినయి. ఎవలదన్న పేరు చెప్తె ఆపుతడనుకున్న."

ఆయన తిట్టలేదు. సాయంత్రం ఆమెను వెంటబెట్టుకుని రాజయ్య ఇంటికి పోయాడు. తండ్రి హనుమండ్లు మగ్గం నేస్తున్నాడు, పక్కన కొడుకు నూలు కండెలు చుడుతున్నాడు. నర్మద ఉన్నదున్నట్టు చెప్పింది. హనుమండ్లు మగ్గం ఆపాడు.

"దెబ్బలు అందరికి వడ్డయి సారూ, మానిపోతయి. గీడు బద్నామైండు. ఏం మొకం వెట్టుకోని వస్తడు?"

"నేనే తోల్కపోత," అన్నాడు కైలాసం.

తెల్లవారి ఇద్దరినీ తీసుకుపోయాడు. నర్మద తరగతి ముందు నిలబడి మళ్లీ చెప్పింది. దయాకర్‌రావు విని, రాజయ్యను కూర్చోమన్నాడు. తన గదికి వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలంలో కైలాసానికి జైనూర్‌కు బదిలీ వచ్చింది. అడవి దారి, చలిజ్వరాలు అని భార్య చంద్రవ్వ పరేషానైంది. ఆ రోజు పెద్దసారు మాట వింటే ఈ తిప్పలు ఉండేవి కావని కూడా అంది. ఆమె గొణుగుతూనే సామాను కట్టింది.

సిరా ఒంపిందెవరో చివరిదాకా తెలియలేదు. జైనూర్ బడిలో ఏది పోయినా, ఏది విరిగినా కైలాసం పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగేవాడు. చాలాసార్లు చేసినవాడు దొరికేవాడు కాదు. ఇట్లయితే నెత్తికెక్కుతారని తోటి పంతులు సిద్దిరాములు హెచ్చరించేవాడు. కొందరు ఎక్కారు కూడా. ఆయన మాత్రం పద్ధతి మార్చుకోలేదు.