ఉల్లిపొర రంగు బండి

పద్దెనిమిదేళ్ళ వయసులో సిగ్గుపడడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. తొంభైల చివర్లో, మేం ముంచింగిపుట్టులో ఉన్న ఆ రోజుల్లో, నా సిగ్గంతా మా నాన్న మోటారు సైకిలు చుట్టూ తిరిగేది. నాన్నది మలేరియా ఉద్యోగం. కొండల మీద ఊళ్ళకు వెళ్ళి, జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుని, దగ్గరుండి మాత్రలు మింగించి వచ్చేవాడు. ఆయన కొనేటప్పటికే ఆ బండి ఎవరో వాడి వాడి వదిలేసింది. ట్యాంకు ఇనుముది కాబట్టి దాని ఎరుపు దానికి ఉంది. ముందు మడ్‌గార్డు, పక్క మూతలు, వెనక తోక మాత్రం ప్లాస్టిక్కు. ఎండకు ఎండీ వానకు తడిసీ అవి ఎరుపు నుంచి గులాబీకి దిగి, చివరికి ఉల్లిపొర రంగు దగ్గర ఆగాయి. వేలితో రాస్తే సుద్దలాగా తెల్ల పొడి అంటుకునేది. (నాకున్న ఒకే ఒక్క నల్ల చుడీదారుకి ఆ పొడి ఎన్నిసార్లు అంటుకుందో లెక్కలేదు.) బజారులో నాన్న "ఎక్కమ్మా" అంటే, నాకు నడవడమంటే ఇష్టమని అబద్ధం చెప్పేదాన్ని.

అలాంటి సమయంలో నాకు పాడేరులో టీచరు ట్రైనింగు సీటు వచ్చింది. నాన్న సంబరానికి పట్టపగ్గాల్లేవు. "మొదటి రోజు నేనే బండి మీద దింపుతాను" అన్నాడు. నాకు అన్నం సహించలేదు. కాలేజీ ఆడపిల్లలందరూ గేటు దగ్గర వరసగా నిలబడి ఉల్లిపొర రంగు బండి మీద దిగుతున్న నన్ను చూసి నవ్వుతున్నట్టు కళ్ళకు కట్టేది. (వాళ్ళకి అంతకంటే పనులేవీ లేవని నా నమ్మకం.) చివరికి ఉండబట్టలేక, సంత వీధిలో బండ్లు బాగుచేసే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"రంగు ఎక్కడికీ పోనేదమ్మా," అన్నాడాయన, బండి తోక మీద గోటితో గీసినట్టు గాలిలో గీసి చూపిస్తూ. "పైన ఎండకి సచ్చిపోయిన పొర ఉంది. నీళ్ళ కాయితం తడిపి తడిపి రుద్దితే అది లెగిసిపోద్ది. కింద ఎరుపు అలాగే ఉంటాది. ఆ తరవాత పాలిష్ ఎయ్యాల."

"పాలిష్ ఉందా?"

"ఆయ్, అది నా దగ్గరెందుకుంటాది? వైజాగ్ నించి రావాల."

నాన్న మూడు రోజుల మీటింగుకని బస్సులో పాడేరు వెళ్ళాడు. బండి ఇంటి దగ్గరే ఉంది. ఇంకేం, మూతలన్నీ విప్పి అరుగు మీద పరిచి కూర్చున్నాను. నీళ్ళలో తడిపిన సన్న గరుకు కాగితంతో రుద్దితే మొదట పాలలాంటి గులాబీ నీళ్ళు కారాయి. రెండో రోజుకి ఎరుపు తొంగిచూసింది. పాలిష్‌కి బదులు పళ్ళు తోముకునే పేస్టు పట్టించాను. గొట్టం మొత్తం ఖాళీ అయింది. "మా పళ్ళకి నేదు గానీ బండికి తోముతన్నావేటే గుంటా," అని అమ్మ తలుపు దగ్గర నిలబడి గొణిగింది. క్రిస్మస్‌కి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు వంటకి వాడే వలిసె నూనెలో కరిగించి, ఆ లేపనం పూసి, పాత లుంగీ గుడ్డతో తుడిచేసరికి ప్లాస్టిక్కు ట్యాంకుతో పోటీపడి మెరిసింది. నా రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ఇంటికి మాత్రం వారం రోజులు తాలింపు వాసన పోలేదు.

నాన్న వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది మన బండేనేటమ్మా?" అన్నాడు. నా చేతులు పట్టుకుని తిప్పి చూసి, "శానా బాగుంది," అన్నాడు.

ఇక మొదటి రోజు ఊరేగింపు సంగతి. దారిలో వాన దంచికొట్టింది. ఘాటు రోడ్డు ఎర్రమట్టి మా పాదాల నుంచి హ్యాండిల్ దాకా పట్టింది. పాడేరు చేరేసరికి బండి ఏ రంగుదో కనిపెట్టడం దాన్ని చేసినవాడి తరం కూడా కాదు. గేటు దగ్గర ఒక వాచ్‌మనూ ఒక మేకా ఉన్నారు. ఇద్దరూ మమ్మల్ని పట్టించుకోలేదు.

రెండు నెలల తర్వాత సెలవులకు ఇంటికి వస్తే, నాన్న కుంటుతున్నాడు. అమ్మ ఆయన మోకాలికి ఉప్పు కాపడం పెడుతోంది. "ఏటైందో సెప్పడు. రోజూ కొండలన్నీ కాలినడకన తిరిగొచ్చినట్టు ఒచ్చి కూలబడతన్నాడు," అంది. "వయసమ్మా," అన్నాడు నాన్న. బండి మాత్రం వసారాలో దుప్పటి కప్పుకుని, ఒక్క గీత లేకుండా నిగనిగలాడుతోంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. బండి ఉన్న మనిషికి మోకాలు ఎందుకు అరిగిందని అడగాలని తోచలేదు. తెలివితక్కువతనానికి ట్రైనింగు ఇచ్చే కాలేజీ ఉంటే నాకే మొదటి ర్యాంకు వచ్చేది.

మర్నాడు సంతలో కూరకని వెదురు కొమ్ములు కొంటుంటే, అవి అమ్ముతున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. పై కొండ మీద ఊరామె. నాన్నతో నన్ను చూసినట్టుంది.

"నువ్వు మలేరియా బాబు గుంటవి కాదేటి? మీ అయ్య బండి అమ్మీసినాడా?"

"లేదు. ఇంటి దగ్గరే ఉంది."

"మరి నడిసొత్తన్నాడేటి?" అని, తనే నవ్వి, జరిగింది చెప్పింది. "ఆ పాత బండైతే పైన సేలోంచే మాకు ఆనవాలు. ఎర్ర ట్యాంకీ, తెల్ల తోక. అది కనబడగానే జొరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకుని బేగి దిగీసేవోళ్ళం. ఓ రోజు మిలమిలా మెరుస్తా ఏదో కొత్త బండి ఒత్తంది. కొత్త బండి మీద ఒచ్చినోడు ఊరికే ఒస్తాడేటి? ఏదో కాయితం మీద ఏలిముద్ర అడుగుతాడు. ఊరంతా అడివిలోకి ఎలిపోనాం. నేనైతే పనస సెట్టు ఎనకాల నక్కినాను. నా కోడలు జొరంతో కాలిపోతన్న గుంటణ్ణి సంకనేసుకుని పరిగెత్తీసింది. పాపం మీ అయ్య సాయంత్రం దాకా అడివిలో పేర్లెట్టి పిలుస్తా తిరిగినాడు. గుంటడికి మాత్ర ఏసినాకే కొండ దిగినాడు."

"మరి తర్వాత మీకు తెలిసింది కదా?"

"మాకు తెలిసింది. మిగతా ఊళ్ళోళ్ళకి తెల్దు కదా. అందుకని బండిని కింద తుప్పల్లో ఎట్టి, పైన అడ్డాకులు కప్పి, నడిసొత్తన్నాడు. మట్టి పూసెయ్యి బాబూ అంటే ఇన్నేదు. 'మా గుంట సేతులు బొబ్బలెక్కేలా రుద్దింది, మట్టి పూస్తే దాని మనసు కష్టపడతాది' అన్నాడు."

వెదురు కొమ్ములు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. నడవొద్దని చెబితే నాన్న వినడు. ఆయన దాచిన సంగతి నాకు తెలిసిందని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఎటూ పాలుపోక మళ్ళీ మేస్త్రి దగ్గరికే వెళ్ళి, అన్నిటికంటే ముతక కాగితం ఇమ్మన్నాను. "మెరుగు తెమ్మని అడిగినోళ్ళని సూసినాను గానీ, బండికి ముసిలితనం తెచ్చేదానివి నువ్వొక్కద్దానివేనమ్మా," అన్నాడాయన. నాన్న మర్నాడు మధ్యాహ్నం దాకా ఆఫీసులో ఉండిపోయాడు. నీళ్ళు లేకుండా పొడిగా, అడ్డదిడ్డంగా బరబరా గీకాను. పొయ్యిలో బూడిద తెచ్చి రుద్దాను. మూడు రోజులు పట్టిన మెరుపు ఒక్క పూటలో పోయింది. తోక తెల్లబారి, పాత రంగుకి దగ్గర దగ్గరగా వచ్చింది. అమ్మ అంతా చూసి, చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

మర్నాడు పొద్దున్న నాన్న సంచి భుజాన తగిలించుకుని వసారాలోకి వచ్చాడు. దుప్పటి తీశాడు. తోక మీద వేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

"ఇదేటమ్మా, రంగు పోనాది?"

"ఎండకి, నాన్నా," అన్నాను.

నాలుగు రోజులుగా ఎడతెగని ముసురు. చూరు నీళ్ళు వసారా ముందు ధారగా పడుతున్నాయి. నాన్న ఆకాశం వైపు ఒకసారి చూశాడు. నా చేతుల వైపు ఒకసారి చూశాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి."

రెయిన్‌కోటు తొడుక్కుని, కుంటికాలు జాగ్రత్తగా అటు వేసి బండెక్కి, కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ అరుగు మీద బండి తోముతున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎదురైతే నేనేం కోప్పడను. పక్కన కూర్చుని, చెయ్యి ఇలా ఇవ్వమ్మా అని, ఆ బొబ్బల మీద కాస్త వెన్న రాస్తాను. మీ నాన్నకు నువ్వు తోమిన బండి నిజంగానే నచ్చిందే పిచ్చిదానా, అని మాత్రం చెబుతాను.