బంపరుకు నిమ్మకాయలు

మొన్న ఖమ్మంలో ఒక షెడ్డు ముందు ఆగిపోయాను. ఎవరో ముచ్చటపడి పాత మిలిటరీ లారీని బాగు చేయిస్తున్నారు. బ్రేకు ఆయిల్ వాసన తగలగానే నాన్న ఖాకీ చొక్కా గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, వేలంలో కొన్న ఆ లారీలే అప్పట్లో భద్రాచలం అడవి నుంచి వెదురు మోసేవి. నాన్న అలాంటి లారీకి డ్రైవరు. బ్రేకు సరిగా పడటం లేదు, లోపలి రబ్బరు వాషర్లు మార్చమని నాన్న అడిగినప్పుడల్లా ఓనరు బంపరుకు కొత్త నిమ్మకాయలు కట్టించేవాడు. పెద్ద వాలు దిగే ముందు డ్రైవర్లంతా కొబ్బరికాయ కొట్టేవాళ్లు. నాన్నకు ఆ కాయ అమ్మే ఇచ్చి పంపేది.

ఒకరోజు లారీ వాలులో ఆగక వాగులో పడింది. నాన్న పోయాడు. ఆ రోజు కొట్టిన కాయ కుళ్ళిందని, దూకి బతికిన క్లీనరు చెప్పాడు.

"కుళ్ళిన కాయ ఇచ్చి పంపితే గట్లనే అయితది" అన్నాడు ఓనరు, మా వాకిట్లో నిలబడి. అమ్మ నమ్మింది. బతికినన్నాళ్లూ మళ్ళీ కొబ్బరికాయ ముట్టలేదు.

మొన్న ఆ షెడ్డులో, బ్రేకు ఎందుకు పడదని నేనడిగితే, మెకానిక్ చక్రం విప్పి చిట్లిన వాషరు నా చేతిలో పెట్టాడు. "గిది పోయినంక ఎంత తొక్కినా బ్రేకు పడదమ్మా."

ఆ వాషరు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ ఫొటో ముందు మేం ఎప్పుడూ కొబ్బరికాయ కొట్టలేదు. అక్కడ ఆ రబ్బరు ముక్క పెట్టాను.