మా రోలా గదిలో యాభైమంది

ఆ రోజుల్లో, అంటే 2020 ఏప్రిల్‌లో (నెల, సంవత్సరం చెప్పకుండా జ్ఞాపకం మొదలుపెట్టేవారిని నేను నమ్మను), కరోనా కారణంగా నవ్వుకు కూడా హద్దులుండేవి. యాభై ఎనిమిదో ఏట షార్జాలో లెక్కల ఉద్యోగంలో కొత్తగా చేరి, అక్కడి రోలా ప్రాంతంలో కుర్రవాడిలా ఒక మంచం అద్దెకు తీసుకున్నాను కనుక దీనిని నా యౌవన జ్ఞాపకంగానే పరిగణించాలని మనవి. గదిలో రెండో మనిషి జగిత్యాల తమ్ముడు (పిలుపే, బంధుత్వం లేదు), ఏసీలు బాగుచేసేవాడు. పనులు ఆగిపోవడంతో ఇద్దరం అతని ల్యాప్‌టాప్‌లో ఒక పాత అమెరికా హాస్య ధారావాహిక చూసేవాళ్లం. ఒక ఇరుకు ఇల్లు, ఒక సోఫా, అందరి తప్పులూ దిద్దే ఒక పెద్దాయన. నా దృష్టిలో ఆ ఇంట్లో బుద్ధి ఉన్నవాడు ఆయనొక్కడే. ఆయన నోరు తెరిస్తే చాలు, స్టూడియోలోని ప్రేక్షకులు పగలబడి నవ్వేవారు. కారణం నాకు అంతుపట్టేది కాదు. తెర మీదికి ఏ నటులు వచ్చినా వారి జనన మరణ తేదీలు చెప్పడం నా అలవాటు. "సారూ, ఆమె ఇంక కూసోనే లేదు, అప్పుడే సంపుతున్నరా?" అనేవాడు తమ్ముడు.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబ బాదారు. బిల్డింగ్ వాచ్‌మన్, హైదరాబాదు చాచా. గదుల్లోకి బయటివారిని రానివ్వకూడదన్న నిబంధన అప్పుడు అమలులో ఉంది. రానిచ్చామని అతను ముదీర్‌కు, అంటే బిల్డింగ్ మేనేజరుకు, చెబితే మేము ఖాళీ చేయవలసిందే. ఆ రోజుల్లో మాకు ఇంకో గది ఇచ్చేవారు లేరు.

"క్యా సాబ్, దావత్ పెట్టిండ్రా? యాభై మంది నవ్వుతున్నరు, మెట్ల దాక ఇనొస్తుంది. ముదీర్‌కు ఫోన్ జేస్తా, ఖలాస్."

"మేమిద్దరమే చాచా," అన్నాడు తమ్ముడు, తలుపు బార్లా తెరిచి.

చాచా మంచాల కింద, స్నానాల గదిలో, చివరికి (అనుమానానికి కొలత లేదు) ఫ్రిజ్‌లో కూడా చూశాడు. "మరి నవ్వినోళ్లు ఏడికి వోయిండ్రు?"

నేను వాస్తవాలు వివరించాను. "వారు అమెరికావారు. నవ్వి నలభై ఆరేళ్లయింది. వయసులు లెక్కిస్తే వారిలో చాలామంది ఇప్పుడు జీవించి ఉండరు."

చాచా ఒక అడుగు వెనక్కి వేశాడు. "సచ్చినోళ్లు నవ్వుతున్నరా?"

"సారూ, మీరు జర ఊకుండ్రి," అంటూ తమ్ముడు ఆపిన దృశ్యాన్ని మళ్లీ నడిపించాడు. తెర మీద పెద్దాయన తలుపు తీసుకుని వచ్చి, పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తులు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని కోడలితో వాదనకు దిగాడు (నిజంగానే తక్కువ, నేనూ లెక్కపెట్టాను). యాభైమంది నవ్వారు. చాచా తెరను చూశాడు, నన్ను చూశాడు. అతని ముఖం మీది మాస్కు నవ్వుకు కదలడం మొదలైంది.

"అరే, ఈ ముసలాయన మీరే గద సాబ్."

తమ్ముడు దిండులో ముఖం దాచుకున్నాడు. అతనికి ఆ సంగతి మొదటి రోజే తెలుసట.

చాచా ఫోన్ చేయలేదు. మర్నాటి నుంచి గడప అవతల స్టూలు వేసుకుని, "యల్లా సాబ్, మీ అన్నను పెట్టుండ్రి," అనేవాడు.

ఇప్పుడు తమ్ముడు రాస్ అల్ ఖైమాలో, చాచా హైదరాబాదులో, నేను అజ్మాన్‌లో. అప్పుడప్పుడు ఆ భాగమే పెట్టుకుంటాను. యాభైమందీ నవ్వుతారు, మిగిలిన ఇద్దరి కోసం చెవి వెతుకుతుంది. ఆ పెద్దాయన పాత్రధారి మరణించిన తేదీ నాకిప్పటికీ కంఠస్థమే. ఆయన తలుపు తీసుకుని లోపలికి వస్తున్నప్పుడు మాత్రం చెప్పను (వద్దనడానికి గదిలో ఎవరూ లేకపోయినా).