“మీకు చాలా ధైర్యం” అన్నందుకు

నేను కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో, యాకుత్‌పురాలోని ఒక చిన్న క్లినిక్‌లో జరిగిన సంగతి ఇది. నిద్ర పట్టడం లేదంటూ ఉప్పుగూడ నుంచి ఒకావిడ వచ్చింది. భర్తకు పక్షవాతం. రెండేళ్లుగా ఆయన పనులన్నీ చూసుకుంటూనే లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేస్తోంది. వచ్చినవాళ్లకు వాళ్ల బలాన్ని గుర్తుచేయాలని మాకు నేర్పారు. అందుకే “మీకు చాలా ధైర్యమమ్మా” అన్నాను, మూడుసార్లు.

ఆమె లేచి నిలబడింది.

“మా ఇంట్ల గూడ అందరు గిదే అంటరు మేడమ్. నీకు ధైర్యమున్నది, నువ్వే చేస్కుంటవ్ అని ఒక్కరు సాయం రారు. మీరు గూడ గదే అంటే నేనేడికి పోవాలె?” అంటూ గట్టిగా ఏడ్చేసింది.

బయట కూర్చున్నవాళ్లు గుమ్మం తెర పక్కకు జరిపి చూశారు. నాకు సిగ్గేసింది.

“తప్పు నాదే, కూర్చోండి. మీ వల్ల కానిదేంటో చెప్పండి” అన్నాను.

“ఆయనకు తానం చేపిచ్చుడు. నడుము పోతున్నది.”

ఎవరినైనా అడిగారా అంటే, ఎన్నడూ అడగలేదంది.

మరుసటి వారం వచ్చి, “మా మరిదిని అడిగిన మేడమ్. దినాం పొద్దుగాల వస్తుండు” అని చెప్పింది.

అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఆమెతో అనలేదు.