తొలి పిడికెడు

కువైట్‌లోని ఫర్వానియాలో, తను వంట చేసే ఇంట్లో, 'మామా' అని పిలిచే యజమానురాలి బియ్యం డబ్బా తెరవగానే, కాయలు కాసిన గంగులమ్మ కుడిచెయ్యి తొలి పిడికెడు తీసి గోడమీది బొమ్మ ముందున్న గిన్నెలో పోసేది. కడప దగ్గర తన ఊళ్లో కోతలప్పుడు తొలి వెన్ను అమ్మవారికి పెట్టిన చెయ్యి అది. బడిలో చరిత్ర చెప్పే మామా చింపి పారేసిన పుస్తకంలోది ఆ బొమ్మ. గోధుమ వెన్నులు పట్టుకున్న సెరెస్, రోమనుల పంటల తల్లి. "బొమ్మకు బియ్యమేంటి, హరామ్, పాపం!" అని మామా రోజూ కసిరేది. ఇరాక్ సైన్యం వచ్చి, దుకాణాలు మూతబడి, డబ్బా అడుగంటుతున్నా గంగులమ్మ మానలేదు.

అక్టోబరులో సైనికులు మామా కొడుకు ఖాలిద్‌ను పట్టుకుపోయారు. మూడు రోజులు మామా మెతుకు ముట్టలేదు. నాలుగోనాడు గంగులమ్మ బొమ్మ ముందు పోగైన బియ్యమంతా గంజి కాచి తెచ్చింది.

"రోంత తాగు మామా. ఈ బొమ్మలో అమ్మ బిడ్డను గూడా ఎత్తుకపోయినారని నువ్వే చెప్తివి గదా."

"ఆమె బిడ్డ తిరిగొచ్చింది," అంది మామా. చాలాసేపటికి గంజి తాగింది.

మర్నాడు డబ్బాలో రెండు పిడికిళ్ల బియ్యమే మిగిలింది. గంగులమ్మ మొదటిసారి బొమ్మలో అమ్మకు తీయకుండా రెండూ ఎసట్లో పోయబోయింది. లోపలి గదిలోంచి మామా గొంతు వినిపించింది.

"ఆమె పిడికెడు తీశావా?"