గుమ్మం బయట స్టూలు

పెనుకొండ ఆఫీసుల వీధిలో సుశీలమ్మ డీటీపీ కొట్టు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. ఏ గుమ్మంలోంచి తిట్లు వినిపిస్తే అదే. తిట్లు తినేది అర్జీ కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లే. "దయతలచి అని ఎందుకు పెట్టమంటాండావు? నీ భూమి అడుగుతాండావా, భిక్షం అడుగుతాండావా?" అని కసురుతుంది. పాదాలకు నమస్కరించడాలు, చేతులు జోడించడాలు ఆమె కొట్టే అర్జీలో ఉండవు. అర్జీ పొట్టిగా, నిటారుగా ఉంటుంది. మనిషీ అంతే.

ఆ పని నేర్పింది మాత్రం ఎదుటి కొట్టు ఓబుళప్ప. పదో తరగతి తప్పి ఇంట్లో కూచున్న పిల్లను పిలిచి, తన కొట్టులో చెక్కస్టూలు మీద కూచోబెట్టి, మొదట తెలుగు టైపు మిషను, ఆ తర్వాత కంప్యూటరు నేర్పాడు. ఆమె సొంతంగా కొట్టు పెట్టుకున్న రోజు ఆ స్టూలు తానే మోసుకొచ్చి ఇచ్చాడు. అది మొదలు ఆయన గుమ్మంలోకి వస్తే సుశీలమ్మ లేచి నిలబడేది. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా లేవని మనిషి ఆమె.

వాళ్లిద్దరూ కొట్టేది పాత టైపు మిషను పద్ధతిలో. ఇంగ్లీషు మీటల కింద తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడ దాగున్నాయో కంటికి కనపడదు, వేళ్లకే తెలియాలి. ఫోనులో తెలుగు కొట్టుకునే ఇప్పటివాళ్లకు ఆ గోల పట్టదు. ఆ పాత ఫాంటు కొత్త కంప్యూటర్లలో ఎక్కదు కాబట్టి సుశీలమ్మ తన ముసలి కంప్యూటరును కళ్లలో పెట్టుకుని చూసుకునేది. మధ్యలో ఒకసారి ఫాంటు చెడి ఒత్తులన్నీ డబ్బాలుగా కనపడితే, ఓబుళప్పే పెన్‌డ్రైవుతో వచ్చి మళ్లీ ఎక్కించి, టీ తాగి పోయాడు. ఆ తర్వాత నుంచే కంప్యూటరు నత్తనడక పట్టింది. ఎవరూ ముట్టుకోకపోయినా నెట్టు డబ్బా మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఉండేది. వయసు మీదపడిందిలే అనుకుంది.

అలాంటి రోజుల్లో పట్టుపురుగులు పెంచే ఆదిలక్ష్మి పల్లె నుంచి వచ్చింది. వాళ్ల ఊరి పక్కన కంకర క్రషరు పెట్టారు. ఆ దుమ్ము మల్బరీ ఆకు మీద పడితే పట్టుపురుగులు ఆకు ముట్టడం లేదు. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి శుక్రవారం అర్జీ కొట్టించుకుని, సోమవారం ఆఫీసర్లు అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు పోయారు. వీళ్లు అర్జీ ఇవ్వకముందే క్రషరు మేనేజరు అక్కడ కుర్చీ వేసుకుని ఉన్నాడు. చేతిలో టైపు చేసిన జవాబు. వీళ్లు ఏ వరసలో ఏమి రాశారో అదే వరసలో అన్నిటికీ సమాధానం.

ఆదిలక్ష్మి తిరిగొచ్చి కొట్టు ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

"మేము ఎవురికీ చెప్పలేదక్కా. నీకే చెప్పినాం" అని మాత్రం అని వెళ్లిపోయింది.

అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది సుశీలమ్మకు. ఇదొక్కటే కాదు, అంతకుముందు కూడా రెండు మూడు తగాదాల్లో ఎదుటిపక్షం ముందే జవాబుతో తయారుగా ఉందని విన్నది. ఇప్పుడు వీధిలో మాట పుట్టింది. సుశీలమ్మ దగ్గర కొట్టిస్తే గుట్టు నిలవదట. ఎన్ని కుటుంబాల గొడవలు ఆ వేళ్ల మీదుగా పోయాయో, ఒక్కటీ నోటి దాకా రానివ్వని మనిషి. మాట పోతే కొట్టు మూసుకోవడమే. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కంప్యూటరును పాత చీరలో మూటగట్టి హిందూపురం బస్సెక్కింది.

హిందూపురంలో పవిత్ర కంప్యూటర్లు బాగుచేస్తుంది. మూట విప్పగానే దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయమంది. తర్వాత సాయంత్రం దాకా దానితోనే కుస్తీ పట్టి, చివరికి దొంగను పట్టుకుంది. లోపల ఒక ప్రోగ్రాము దాక్కుని ఉంది. ఏ మీట నొక్కినా రాసి పెట్టుకుంటుంది, నెట్టు దొరికినప్పుడల్లా ఎవరికో పంపుతుంది. అది రాసుకున్నదేమిటో తెర మీద చూపించింది. తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య చుక్కలు, కామాలు. పవిత్ర నవ్వింది. పెట్టినవాడికి పిచ్చెక్కి ఉంటుంది, ఇందులో ఒక్క ముక్క అర్థం కాదు, నువ్వు భయపడాల్సిన పని లేదంది.

సుశీలమ్మ నవ్వలేదు. తెర మీద వేలు పెట్టి ఆ అక్షరాలను గడగడా చదవడం మొదలుపెట్టింది. మల్బరీ ఆకు, క్రషరు దుమ్ము, చచ్చిపోయిన పురుగులు. మొత్తం ఆదిలక్ష్మి అర్జీ. పేరా మధ్యలో వేలు తీసేసింది. ఇది చదవగలిగిన మనిషి పెనుకొండలో తాను కాక ఇంకొక్కరే ఉన్నారు. ఈమధ్య ఎదుటిపక్షాల జవాబులు కొట్టే గిరాకీ అంతా ఎవరి కొట్టుకు పోతోందో కూడా అప్పుడు తట్టింది. అక్షరం నేర్పిన చెయ్యి ఇంత పని చేస్తుందా అనుకుంది.

పవిత్ర పోలీసులకు చెప్పమంది, అది తర్వాత చూద్దామంది సుశీలమ్మ. రుజువు కోసం పవిత్ర ఆ ఫైలును వేరే తీసి పెట్టింది. కంప్యూటరు మాత్రం మార్చక తప్పదని మళ్లీ చెప్పబోయింది.

"ఇంట్లో దొంగ దూరినాడని ఇల్లు వదులుకుంటామా పవిత్రా? దొంగనే తరుముదాం" అంది సుశీలమ్మ.

అయితే మొత్తం తుడిచి విండోస్ మొదటి నుంచి వేద్దామంది పవిత్ర. ఒక్క ప్రోగ్రామునే తీసేస్తే దాని వేర్లు ఎక్కడో మిగిలిపోవచ్చు. ఇంత పాత విండోసుకు కాపలా కూడా ఎవరూ ఉండరు కాబట్టి, ఆ తర్వాత నెట్టు వైరు దీని దరిదాపుల్లోకి రాకూడదు. అన్నిటికీ సుశీలమ్మ సరేనంది. తుడిచే ముందు ఒక్కసారి నెట్టు పెట్టమంది. పవిత్ర బిత్తరపోయి చూస్తుండగానే కీబోర్డు ముందుకు లాక్కుని కొట్టింది.

"విషయం: నా కంప్యూటరులో నువ్వు పెట్టిన దొంగ గురించి. ఓబుళప్పన్నా, ఇది చదవగలిగేది మనిద్దరమే కాబట్టి ఇంకెవరినీ అనుమానించే పని లేదు. పని నేర్పినావని ఇన్నాళ్లూ నిన్ను చూస్తే లేచి నిలబడినాను. ఇక లేవను. వచ్చే సోమవారం పొద్దున క్రషరు అర్జీ మళ్లీ కొడతాను. నువ్విచ్చిన స్టూలు గుమ్మం బయట వేస్తాను. దొంగచాటుగా చదవడం ఎందుకు, వచ్చి కూచొని విను. దయతలచి అని రాయడం లేదు. ఇట్లు, సుశీల."

నెట్టు డబ్బా మీద లైటు మిణుకుమంది. పోయింది, చేరిపోయింది అంది పవిత్ర. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వైరు పీకి, డిస్కు మొత్తం తుడిచేశారు. ఓబుళప్ప ఎక్కించిన ఫాంటును ఎలాగూ నమ్మలేరు. ధర్మవరంలో పెళ్లిపత్రికలు అచ్చువేసే స్నేహితురాలి దగ్గర అసలు సీడీ ఉంటే సుశీలమ్మ మర్నాడు రైల్లో పోయి తెచ్చింది. విండోస్ పడింది, ప్రింటరు పలికింది, ఫాంటు ఎక్కింది. ఒత్తులు సరిగ్గా వస్తున్నాయా అని చూడటానికి ఆమె కొట్టిన మొదటి మాట 'దౌర్జన్యం'. ఏ ఒత్తూ చెదరకుండా వచ్చింది.

సోమవారం తెల్లారగానే స్టూలు గుమ్మం బయట వేసింది. ఆదిలక్ష్మి రానంటే ఇంటికి పోయి జరిగింది చెప్పి పిలుచుకొచ్చింది. తలుపులు బార్లా తెరిచి, తెరను వీధి వైపు తిప్పి, ఒక్కో వాక్యం పైకి చదువుతూ కొట్టింది. టీకొట్టు సరోజమ్మతో సహా పోయేవాళ్లంతా ఆగి విన్నారు. ఎదుటి కొట్టు గుమ్మంలో ఓబుళప్ప తల కనిపించింది. ఆయన చూపు స్టూలు మీద పడింది, తల లోపలికి పోయింది. కాగితం వేడి ఆరకముందే ఆడవాళ్లంతా దాన్ని పట్టుకుని గ్రీవెన్సుకు నడిచారు. ఈసారి మేనేజరు ఉత్త చేతులతో నిలబడ్డాడట. ఆఫీసరు అడిగినదానికి నీళ్లు నమిలి, గడువు కావాలన్నాడట.

ఆదిలక్ష్మి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పింది. ఆ రోజు తానన్న మాట గుర్తొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా చెల్లెలు వాళ్లకి దారి తగాదా ఉండాదక్కా. రేపు తోడుకొని వస్తా" అంది.

తీసుకురమ్మంది సుశీలమ్మ.

సాయంత్రం సరోజమ్మ టీ తెచ్చింది. గ్లాసు పెట్టి కూడా కదలకుండా నసిగింది. ఓబుళప్ప కబురు చెప్పమన్నాడట. తన స్టూలు తనకు ఇచ్చేయాలట.

ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని స్టూలు, ఆ ఉత్తరం చేరాకే గుర్తొచ్చింది. సుశీలమ్మకు ఇక ఏ రుజువూ అక్కర్లేకపోయింది. లేవలేదు. కూచున్న చోటి నుంచే, ఎదుటి కొట్టు దాకా వినపడేలా చెప్పింది.

"వచ్చి ఎత్తుకొని పొమ్మను సరోజా. వీధిలోనే ఉండాది."

స్టూలు ఇప్పటికీ అక్కడే ఉంది. అర్జీదారులు దాని మీదే కూచుని తిట్లు తింటారు.