లావు టైర్ల సైకిలు మీద మా వదిన

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే పొద్దుటి బస్సు డ్రైవరు, బస్సును డిపోలో పెట్టి నేరుగా మా ఇంటికి నడిచి వచ్చాడు. అతను మాకు చుట్టం కాదు. లోపలికి రమ్మన్నా రాకుండా వాకిట్లోనే నిలబడి, "అమ్మా, మీ వదిన పోయింది. తెల్లవారేసరికి నిద్రలోనే పోయి ఉండాది. మీకు చెప్పమని వీధిలోవాళ్ళు పంపించినారు" అన్నాడు. చెప్పి వెళ్ళిపోలేదు. మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మా పెద్దోడి కాన్పు చేసింది ఆమే" అన్నాడు కాసేపటికి.

మా ఆయన లోపల గడ్డం గీసుకుంటున్నాడు. అక్క పోయిందన్న మాట విని సగం గీసిన గడ్డంతోనే బయటికి వచ్చాడు. ఆ గడ్డంతోనే వెళ్ళి అక్క పాడె మోశాడు.

ఆమె నాకు ఆడబిడ్డ. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెలన్నింటికీ నర్సమ్మ. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోతే, ఏడుస్తూ మూల కూర్చోకుండా నెల్లూరు వెళ్ళి కాన్పుల నర్సు చదువు చదువుకుని ఉద్యోగంలో చేరింది. డెబ్బైల మొదట్లో నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ ఇంట్లో ఆమే పెద్ద. కొత్తకోడలిగా గడప దాటి లోపలికి వెళ్ళిన నాకు మొదట కనిపించింది ఆమె చేతులు. మోచేతుల దాకా గొలుసు నూనె. సైకిలు గొలుసు ఊడితే పెరట్లో కూర్చుని ఎక్కిస్తోంది. "చేతులు బాగలేవు, నిన్ను ముట్టుకోలేను. నువ్వే పోయి నీళ్ళు తాగు. ఇది నీ ఇల్లే" అంది. ఇంకెవరు ఎలా ఆహ్వానించినా నాకంత ధైర్యం వచ్చేది కాదనుకుంటాను.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. కాన్పు చేసి ఇంటికొస్తే, నిండు చెంబు నీళ్ళు తాగేదాకా ఏమైందో చెప్పేది కాదు. మేము అడిగేవాళ్ళమూ కాదు. నీళ్ళు తాగి చెంబు బోర్లించి, "ఇద్దరూ బాగుండారు" అనేది. అప్పుడు ఇల్లంతా ఊపిరి తీసుకునేది. నొప్పులు పడే ఆడవాళ్ళకు ఆమె చెప్పే మాట ఒక్కటే. "నేను ఉండాను గదా. నువ్వు ఊపిరి తీసుకో, చాలు." నా ఇద్దరు పిల్లలూ ఆ మాట మీదే పుట్టారు.

పల్లెలకు బస్సుల్లేవు. ఎండాకాలం సైకిలు బాగానే పోయేది. అసలు కష్టం కార్తీకంలో. సముద్రంలో వాయుగుండం పడితే మాకు వరసగా వానలు. చెరువుల కింద నల్లరేగడి దారులు పిండి కలిపినట్టు తయారయ్యేవి. ఆమెది మామూలు ఆడవాళ్ళ సైకిలు. సన్న టైర్లు, చక్రాల మీద రేకు మడ్‌గార్డులు.

ఒక ఏడు అలాంటి వానల్లోనే, మధ్యాహ్నం పూట, వరికుంటపాడు దారిలో చెరువు పక్కనున్న ఒక పల్లె నుంచి ఒకతను వచ్చాడు. చెరువులో చేపలు పట్టుకుంటూ, కూలికి పోతూ బతికే మనిషి. తలమీది గోనెసంచిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా పెండ్లాం నొప్పులు పడతా ఉండాది నర్సమ్మా."

"ఎప్పట్నుంచి?"

"తెల్లారినప్పట్నుంచి."

వదిన అన్నం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని బయలుదేరింది. మరునాడు పొద్దున తిరిగి వచ్చింది, నడుచుకుంటూ. సైకిలు లేదు. చీర మోకాళ్ళ దాకా మట్టి. నేను చెంబు అందించాను. పుచ్చుకుని అలాగే పట్టుకుని నిలబడింది. తాగలేదు.

"తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు" అంది.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఊరు దాటి రేగడిలో దిగగానే మట్టి మడ్‌గార్డులోకి కూరుకుని చక్రం ఆగిపోయిందట. పుల్లతో గీకి నాలుగడుగులు నెడితే మళ్ళీ ఆగింది. పోనీ వదిలేసి నడుద్దామంటే ముందు గట్టినేల వస్తుందన్న ఆశ. అలా గీకుతూ, నెడుతూ పొద్దు పోగొట్టుకుంది. చివరికి సైకిలు ఒకరి చేలో పడేసి, సంచి నెత్తిన పెట్టుకుని, జారుతూ లేస్తూ వెళ్ళింది. వెళ్ళేటప్పటికి ఆ అమ్మాయి కళ్ళు తేలేస్తోంది.

ఆ పల్లెలో ఏమనుకున్నారో బజారులో మా చెవిన పడింది. గవర్నమెంటు నర్సు తీరిగ్గా వచ్చిందన్నారు. మా ఆయన తట్టుకోలేకపోయాడు.

"నెల్లూరికి మార్పించుకో అక్కా. ఆడైతే సిమెంటు నేల మీద పని. ఇంత చేసి మాట పడేదెందుకు?"

వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "నేను మారనురా. టైర్లు మారుస్తా" అంది.

ఆయన అది తమాషా అనుకున్నాడు. ఆ వారంలోనే వదిన చేలో పడేసిన సైకిలును తెప్పించి, బస్సు మీదికెక్కించి, నన్ను తోడు తీసుకుని ఆత్మకూరు వచ్చింది. బస్టాండు దగ్గర ఒక సాయిబుగారికి సైకిలు షాపుండేది. తెల్లగడ్డం, నిదానమైన మనిషి. ఆయన ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు.

"లావు టైర్లు కావాలి భాయ్. బురదలో పోవాల" అంది వదిన.

"లావొక్కటే చూసుకుంటే లాభం లేదమ్మా" అన్నాడాయన. రెండు టైర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ లావువే. ఒకదాని మీద గళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండోదాని మీద ఎత్తుగా, ఎడంగా ఉన్నాయి. మొదటిది చూపించి, "దీంట్లో బురద ఇరుక్కుంటే ఇంక రాదు. ఈ రెండోదాంట్లో ఇరుక్కున్నా చక్రం తిరిగేకొద్దీ రాలిపోతాది. ఇది మూటలు మోసే సైకిళ్ళకు వేసేది. కానీ నీ బండికి పట్టదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మార్చాల. వెనక మడ్‌గార్డు తీసేస్తే గానీ చక్రం తిరగదు."

"రెండు మడ్‌గార్డులూ తీసేయి. నన్ను ముంచింది అవే."

"చీర పాడైపోతాదమ్మా. బురదంతా ఈపుకు కొడతాది."

"చీర ఉతుక్కుంటా" అంది వదిన.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. సాయంత్రానికల్లా ఫోర్కు మార్చి, టైర్లు వేసి, డబ్బు లెక్క చెప్పబోతే వదిన ఆపింది. ముందు తొక్కి చూడాలంది. షాపు వెనక సంత జరిగే ఖాళీ స్థలం వానకు గుజ్జుగుజ్జుగా ఉంది. నిండుగా గాలి కొట్టించుకుని అందులోకి దిగింది. సగంలోనే చక్రం జారి పక్కకు పడింది. టీ బంకు దగ్గరి మగవాళ్ళు నవ్వారు. నాకు సిగ్గేసింది. వదిన లేచి, సైకిలు నెట్టుకుంటూ వచ్చి, "కొంచెం గాలి తియ్యి భాయ్" అంది. మళ్ళీ దిగింది. ఈసారి టైరు కాస్త పరుచుకుని నేలను పట్టుకుంది. మెల్లగా, పడవలాగా, ఆ చివరి దాకా పోయి తిరిగి వచ్చింది. వెనక నడుము నుంచి మెడ దాకా చీర మీద నల్లటి చార. నవ్వినవాళ్ళు టీ తాగడం మరిచిపోయి చూస్తున్నారు. వదిన మాత్రం నవ్వలేదు. హ్యాండిలు పట్టుకుని ఆ టైరువంక చాలాసేపు చూస్తూ నిలబడింది.

"పోదాం పా" అంది.

అప్పటినుంచి వానాకాలమంతా ఆమె వీపు మీద ఆ చార ఉండేది. మరక పూర్తిగా వదిలేది కాదు. ఆ లావు టైర్ల సైకిలు చూసి పిల్లలు ఎద్దుబండి నర్సమ్మ అని పేరు పెట్టారు. పిలిచినవాళ్ళందరికీ పలికేది. గట్టిరోడ్డు మీద ఆ టైర్లు తొక్కడం చాలా బరువు. ఎండాకాలంలో రొప్పుతూ వచ్చేది. "ఈ నాలుగు నెలలూ పాతవి వేయించుకో వదినా" అంటే, "వాన చెప్పి వస్తుందా?" అనేది. బురదలోకి పోయేముందు గుమ్మం దగ్గర ఆగి టైరును బొటనవేలితో నొక్కి చూసుకుని, కొంచెం గాలి వదిలేది. "గాలి తక్కువ, ఓపిక ఎక్కువ" అనేది తనలో తను. మా పిల్లలు పరీక్షలకు పోయేటప్పుడు కూడా అదే మాట చెప్పి పంపేది. వాళ్ళకేమర్థమైందో తెలియదు గానీ నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

కొన్నేళ్ళు గడిచాయి. మళ్ళీ ఒక వానలో, ఆ చెరువు పల్లె మనిషే వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. చూరు కింద కూడా నిలబడలేదు. వానలో, వీధిలోనే నిలబడి ఉన్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని మాకు తెలుసు. నేను లోపలికి వెళ్ళి చెప్పేలోగానే వదిన కిటికీలోంచి చూసి సంచి తీసింది.

"ఎప్పట్నుంచి?" అంది గుమ్మంలో నిలబడి.

"ఇప్పుడే. మొదలుకాగానే పరిగెత్తుకొచ్చినా."

ఆమె సైకిలెక్కింది. అతను పక్కన పరుగు. మలుపు దాకా ఆ ఇద్దరినీ చూస్తూ అరుగు మీద నిలబడ్డాను. మరునాడు మధ్యాహ్నం దాకా నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చివరికి సైకిలు చప్పుడు. తొక్కుకుంటూనే వచ్చింది. చెంబు అందిస్తే ఆపకుండా తాగింది.

"మగబిడ్డ. ఇద్దరూ బాగుండారు."

అని, పెరటి గడప మీద కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. పక్కన కూర్చుని బురద వీపు నిమిరాను. ఎవరి కోసమని అడగలేదు. నాకు తెలుసు.

శనక్కాయలు పీకిన కాలంలో అతను ఒక గంప నెత్తిన పెట్టుకుని వచ్చాడు. అరుగు మీద గంప దింపి, స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల గుమ్మం పక్కనే ఉన్నాను.

"నర్సమ్మా, మొదటి దాని విషయంలో నీకు అబద్ధం చెప్పినా. నొప్పులు ముందురోజే వచ్చినాయి. ఇంట్లోనే అయిపోతాదిలే అనుకున్నాం. నువ్వు తిడతావని తెల్లారి అని చెప్పినా. ఊరంతా నిన్ను అంటా ఉంటే కూడా నోరు తెరవలేదు."

వదిన గంపను గోడవారకు జరిపింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ పిల్లను చూడంగానే తెలిసింది నాయనా."

"తెలిసి కూడా ఎవురికీ చెప్పలేదే?"

"చెప్పి ఏం చేస్తా? ఆ రోజు నీ మీద అంత దుఃఖం పడి ఉండాది. దానిమీద ఇంకొకటి నేనెట్టా పెట్టేది?"

అతను అక్కడే కూలబడిపోయాడు. వదిన లోపలికొచ్చి మజ్జిగ కలిపి తీసుకెళ్ళి ఇచ్చింది. అతను వెళ్ళిపోయాక నేను ఉండబట్టలేక అడిగాను. తప్పు నీది కాదని తెలిసి ఇన్నేళ్ళు ఎందుకు మోశావు వదినా అని.

"పూర్తిగా నాది కాదు. నిజమే. కానీ చక్రం తిరిగుంటే, ఇంకాస్త ముందు పోయుంటే, బండి కట్టించి వింజమూరు ఆసుపత్రి దాకానైనా తీసకపోయేదాన్నేమో. ఆ ఏమో ఉండాదే, అది నాదే" అంది. అని, గంపలోంచి గుప్పెడు కాయలు తీసి నా ఒళ్ళో పోసి, తనూ ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత మా ఆయనకు ఆత్మకూరు బదిలీ అయింది. మాతో రమ్మని ఎంత అడిగినా రాలేదు. పోయిన ఏడాది నుంచి ఆమెకు ఆయాసం. సైకిలు తొక్కవద్దని డాక్టరు చెప్పాడు. తొక్కడం మానేసింది గానీ సైకిలు మానలేదు. సంచి దానికి తగిలించి, పక్కన నడుస్తూ నెట్టుకుపోయేదట. ఎందుకమ్మా ఈ బరువు అంటే, పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నట్టుంటుందని చెప్పేదట. ఈ సంగతి మాకు పక్కింటివాళ్ళు ఆమె పోయాక చెప్పారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కంటి మీద కునుకు సరిగా పట్టడం లేదు. ఒంటరితనం గురించి ఆమె నోటివెంట వచ్చిన మాట, నాకు తెలిసి అదొక్కటే.

ఆ రోజు మేము ఉదయగిరి చేరేటప్పటికి వీధి నిండా జనం. పల్లెల నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, చేతులు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరు పిల్లల్ని ముందుకు నెట్టి, "దండం పెట్టు, నిన్ను మొదట ఎత్తుకుంది ఈమె" అని చెబుతున్నారు. చెరువు పల్లె మనిషి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మా ఆయన పక్కన పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు. వాన వెలిసి దారంతా బురద. మోసేవాళ్ళ కాళ్ళు జారుతుంటే, వెనకనుంచి ఎవరో ముసలావిడ, "నిదానం నాయనా, నిదానం" అంటూనే ఉంది.

అందరూ వెళ్ళిపోయాక కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. తూము పక్కన వదిన రోజూ సైకిలు కడిగే బండ ఉంది. టైర్ల గళ్ళలోంచి పుల్లతో తీసిన మట్టి ఏళ్ళ తరబడి అక్కడే పడి చిన్న దిబ్బయింది. కొంత నలుపు, కొంత ఎరుపు, కొంత చవిటినేల తెలుపు. ఏ పల్లె చేలలోంచి ఆ మట్టితో పాటు గింజలు వచ్చాయో, దిబ్బ మీద నాలుగు జొన్నమొక్కలు, పక్కనే ఒక సజ్జ మొక్క లేచి ఉన్నాయి. జొన్న కంకుల్లో ఒకటి అప్పుడే పాలు పోసుకుంటోంది. వానచుక్కలు ఇంకా దాని మీదే ఉన్నాయి. పిచ్చుక ఒకటి వచ్చి వాలితే కంకి దాని బరువుకు వంగింది, మళ్ళీ మెల్లగా లేచింది.